ఎత్తు అనాల్సిన చోట

ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే వదినని అందరూ నోట్లో నాలుక లేని మనిషి అనేవాళ్ళు. అందులో అబద్ధం లేదు గానీ, సగం తప్పు ఆ గదిది. లాండ్రీ ఆసుపత్రి నేలమాళిగలో ఉండేది. ఒక పక్క ఉతికే యంత్రాలు గుడగుడలాడుతుంటే, ఇంకో పక్క ఆవిరితో కాగే రోలరు బుసకొట్టేది. తడి దుప్పటి కొసలు ఇద్దరు చెరోవైపు పట్టుకుని రోలరు నోటికి అందిస్తే, అవతలి నుంచి అది పెళపెళలాడుతూ బయటికొచ్చేది. ఆ మోతలో మాట్లాడాలంటే అరవాలి. అరవడం చేతకాని వాళ్ళు ఊరుకోవాలి. వదిన ఊరుకుంది. ఏళ్ళ తరబడి ఊరుకునేసరికి, మోత లేని చోట కూడా నోరు పెగలడం మానేసింది.

ఇంటికొస్తే మాట్లాడే అవసరం అంతకన్నా తక్కువ. పిల్లలు లేరు. భర్త బ్యాటరీల మేస్త్రీ. లారీల బ్యాటరీలు విప్పి, పాత పలకలు మార్చి, యాసిడ్ పోసి, చార్జింగుకి పెట్టడం ఆయన పని. అందరికీ ఆయన మేస్త్రీయే. భార్యని మాత్రం ఆయన ‘ఏమే’ అని పిలిచేవాడు. అదైనా రోజుకి నాలుగైదు సార్లే.

మేస్త్రీకి పరుగు పిచ్చి. తెల్లారకముందే లేచి వెళ్ళిపోయేవాడు. ఏటా జరిగే మారథాన్‌కి ఆర్నెల్ల ముందు నుంచే ఇంట్లో వాతావరణం మారిపోయేది. ఆదివారాలైతే పోస్ట్‌మ్యాన్‌తో కలిసి నది ఒడ్డు రోడ్డు పట్టుకుని పోతే మధ్యాహ్నానికి తిరిగొచ్చేవాడు. పోస్ట్‌మ్యాన్ వయసులో చిన్నవాడు, మేస్త్రీని ‘అన్నా’ అనేవాడు, ఆ వరసనే ఈవిడ వదిన అయింది. ఇద్దరూ మెట్ల మీద కూర్చుని మోకాళ్ళ గురించీ, బూట్ల గురించీ గంటలు గంటలు చెప్పుకునేవాళ్ళు. వదిన వాళ్ళకి నీళ్ళిచ్చి లోపలికి పోయేది. వాళ్ళు విడిచిన బనియన్ల మీద చెమట ఆరి ఉప్పు తెల్లగా గీతలు కట్టేది. భర్త పరుగుని ఆమె అన్నేళ్ళూ ఉతికింది తప్ప ఒక్కసారీ కళ్ళారా చూడలేదు.

ఒక ఏడు వేసవిలో మేస్త్రీ చార్జింగులో ఉన్న బ్యాటరీ క్లిప్పు లాగాడు. ముందు స్విచ్చి కట్టేయాలని ఆయనకి తెలీక కాదు. తెలిసినవాడే తొందరపడతాడు. నిప్పురవ్వ లేచింది, బ్యాటరీ మూత పేలింది, యాసిడ్ ముఖాన కొట్టింది. పనిలో పెట్టుకునే కళ్ళజోడు చెమటకి మసకబారుతోందని అంతకుముందే తీసి మేకుకి తగిలించాడు. అది ఆ మేకుకే ఉండిపోయింది. నీళ్ళ కుళాయి ఆవరణ అవతలుంది. తడుముకుంటూ అక్కడికి చేరేలోపే జరగాల్సింది జరిగిపోయింది.

ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండోదానికి వెలుగూ చీకటీ తెలుస్తాయి, అంతే. ఆయన్ని పెట్టింది వదిన పనిచేసే ఆసుపత్రిలోనే. ఒకరోజు కళ్ళ వార్డు దిండు గలేబుల మూటలో, ఉతికినా పోని పసుపు రంగు మందు మరకలున్నవి కనిపించాయి. అలాంటివి ఆమె ఎన్నో ఇస్త్రీ చేసింది. కానీ ఆ రోజు ఒకదాన్ని చేతిలో పట్టుకుని రోలరు ముందు అలాగే నిలబడిపోయింది. అవతలి కొస పట్టుకున్నావిడ “ఏంటక్కా” అంటే, “ఏం లేదు” అని అందించేసింది.

ఇంటికొచ్చాక మేస్త్రీ కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. కొన్ని నెలలు అలాగే కూర్చున్నాడు. తిండి పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. పోస్ట్‌మ్యాన్ రోజూ వచ్చి, బతిమాలి, బూట్ల లేసుకి రెండువైపులా ముడేసి, ఒక ముడి తన మణికట్టుకీ ఇంకోటి ఆయన మణికట్టుకీ తగిలించి బయటికి తీసుకెళ్ళాడు. చూపులేని వాళ్ళు అలాగే పరిగెడతారట. పక్కన మనిషి దారి చెబుతుంటాడట. మొదటిరోజు వీధి చివరిదాకా వెళ్ళొచ్చారు. నెల తిరిగేసరికి నది దాకా వెళ్ళారు. మేస్త్రీ ముఖంలోకి రంగొచ్చింది.

కానీ పోస్ట్‌మ్యాన్‌కి సొంత పరుగుంది, సొంత ఆశలున్నాయి. “అన్నా, ఆదివారాలు నేనుంటాను. మిగతా రోజులు నా ప్రాక్టీసు దెబ్బతింటోంది” అన్నాడు. ఉన్నమాట దాచకుండా చెప్పే రకం. మేస్త్రీకి అరికాలి మంట నెత్తికెక్కింది. “జాలి పరుగు నాకక్కర్లేదు. ఆదివారాలూ రావద్దు” అన్నాడు.

మర్నాడు పొద్దున వదిన టీ ఇస్తుంటే, గ్లాసు అందుకోకుండా అన్నాడు. “ఏమే. నీ కాళ్ళు ఖాళీయే కదా.”

పొద్దున్నుంచి సాయంత్రం దాకా రోలరు ముందు నిలబడే కాళ్ళవి. అయినా ఆమె టీ గ్లాసు ఆయన చేతిలో పెట్టింది. పాత కాన్వాసు బూట్లు వెతికి తెచ్చుకుంది.

మొదటిరోజు నరకం. ఆమె కుడిచెయ్యీ ఆయన ఎడమచెయ్యీ ఒకే ముడిలో ఊగాలి. అంటే ఆమె ఎడమకాలూ ఆయన కుడికాలూ కలిసి పడాలి. పిల్లలు ఆడుకునే మూడుకాళ్ళ పందెం లాంటిదే. కాకపోతే నవ్వొచ్చేది కాదు. అడుగు కలిస్తే ఊపిరి తప్పేది, ఊపిరి అందితే అడుగు తప్పేది. వీటి మధ్యలో మాట్లాడాలి. ఆమె ఏమీ చెప్పకపోయేసరికి ఆయన కాలిబాట అంచుకి తన్నుకుని తూలాడు.

“నోరు తెరువు” అన్నాడు, పళ్ళు బిగబట్టి. “నాకిప్పుడు కళ్ళంటే నీ నోరే.”

నాలుగు మాటలు అనుకున్నారు. ఎడమ, కుడి, గుంత, ఎత్తు. ఎత్తు అంటే ముందు ఎత్తైనదేదో ఉందనీ అర్థం, కాలు ఎత్తమనీ అర్థం. రెండడుగుల ముందు చెప్పాలి. మరీ ముందు చెబితే ఆయన గాల్లో కాలెత్తి తూలేవాడు, ఆలస్యమైతే తన్నుకునేవాడు. వదిన నేర్చుకుంది. తనకే ఆశ్చర్యంగా, తొందరగా నేర్చుకుంది. దుప్పటి కొస ఏ క్షణంలో వదిలితే వేళ్ళు కాలకుండా ఉంటాయో తెలిసిన మనిషికి, మాట ఏ క్షణంలో వదలాలో తెలియడం కష్టం కాలేదు.

కొన్నాళ్ళకి ఆ నాలుగు మాటలూ సరిపోలేదు. “ఏం చప్పుడది” అనేవాడు. “ట్యాక్సీ కడుగుతున్నారు.” “ఏం రంగు?” “నీలం. ఒక తలుపు మాత్రం తెలుపు. వేరే బండిది తెచ్చి బిగించినట్టున్నారు.” ఆయన ముసిముసిగా నవ్వేవాడు. పాత బిస్కెట్ ఫ్యాక్టరీ గోడ వెంట వెళ్ళేటప్పుడు గోడ మీద అరిగిపోయిన అక్షరాలు చదివి వినిపించేది. నది మీద మంచు ఎక్కడిదాకా ఉందో, అవతలి ఒడ్డున దీపాలు ఆర్పేశారో లేదో చెప్పేది. ఆయనా చెప్పడం మొదలుపెట్టాడు. కొట్లో సీసం కరిగించే వాసన గుండెల్లోకి దిగిపోతుందనీ, దాన్ని కడిగేసుకోవాలనే కుర్రతనంలో పరుగు మొదలెట్టాననీ, ఆ సీసం ఒంట్లో ఏం చేస్తుందోనని ఏళ్ళ తరబడి రోజూ పడుకునే ముందు భయపడేవాడిననీ ఒకరోజు చెప్పాడు.

“నాకెప్పుడూ చెప్పలేదే” అంది.

“నువ్వెప్పుడూ అడగలేదు.”

“మీరెప్పుడన్నా ఇంట్లో ఉంటేగా” అందామె. పరుగులో ఉంది కాబట్టి వచ్చేసింది ఆ మాట. ఇంట్లో అయితే గొంతు దాటేది కాదు. ఆయన కోప్పడతాడనుకుంది. ఆయన నాలుగడుగులు పరిగెత్తాక “నిజమే” అన్నాడు.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో వాళ్ళు అంతగా మాట్లాడుకున్నది ఆ ఒక్క చలికాలమే. ఎప్పటికన్నా సుఖంగా ఉన్న రోజులేవని ఆమెని ఎవరైనా అడిగి ఉంటే అవే చెప్పేది. ఎవరూ అడగలేదు.

మేస్త్రీ మారథాన్‌కి పేర్లిచ్చాడు, ఇద్దరివీ. ఆదివారాల దూరం పెరుగుతూ పోయింది. పోస్ట్‌మ్యాన్ మళ్ళీ రావడం మొదలుపెట్టాడు. పక్కన పరిగెడుతూ కబుర్లు చెప్పేవాడు, మేస్త్రీ కూడా పాతది మర్చిపోయినట్టే ఉండేవాడు. కానీ దూరం పెరిగేకొద్దీ వదినకి ఒక సంగతి చేతికి తెలుస్తూ వచ్చింది. చివరి భాగంలో ఆయన చెయ్యి బరువెక్కేది. లేసు బిగుసుకునేది. ఆయన వెనకబడుతున్నాడు. నెలల తరబడి కుర్చీలో కూర్చున్న ఒళ్ళు, నిద్ర మాత్రల ఒళ్ళు, అడుగడుక్కీ ముందేముందోనని లోపల్లోపల బిగుసుకునే ఒళ్ళు. ఆమెకైతే అప్పుడే ఊపిరి కుదుటపడేది. రోలరు ఆవిరిలో ఏళ్ళ తరబడి ఉడికిన మనిషికి ఎండ లెక్కలోకి రాలేదు. ఇంకా పోగలననిపించేది. ఆ సంగతి ఆమెని సంతోషపెట్టాల్సింది పోయి భయపెట్టింది. అడుగు తగ్గించి ఆయనతో కలిపేది.

“ఏమే, వెనకబడుతున్నావు” అనేవాడాయన.

“వస్తున్నా” అనేది.

ఒక ఆదివారం పరుగయ్యాక మేస్త్రీ మైదానం కుళాయి కింద తల పెట్టుకున్నాడు. పోస్ట్‌మ్యాన్ ఆమె దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

“వదినా, మీకు అలుపే రావట్లేదు. మీరొక్కరే పరిగెడితే ఆడవాళ్ళలో మొదటి పదిమందిలో ఉంటారు. నేను ముఖస్తుతి చేసే రకం కాదు, మీకు తెలుసు.”

“ఆ మాట ఆయన చెవిన వెయ్యకండి.”

“నేనెందుకేస్తాను.”

వెయ్యక్కర్లేకపోయింది. కళ్ళు పోయినవాడి చెవులు నాలుగిళ్ళ అవతలి మాట కూడా పట్టుకుంటాయి. కుళాయి కట్టి తుడుచుకుంటూ వచ్చిన మేస్త్రీ ఇంటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆ తర్వాత పొద్దుట పరుగుల్లో ‘ఏం చప్పుడది’ అని అడగడం మానేశాడు. ఆమె తనంతట తాను చెప్పబోతే, “దారి చెప్పు చాలు” అనేవాడు.

మారథాన్ రోజున ఆయన మొదటి నుంచే వేగం పెంచాడు. ఆమెకి తెలిసిపోయింది, ఇది ఆయన పరిగెత్తగలిగిన వేగం కాదు. సగం దూరమన్నా దాటకుండా “కొంచెం మెల్లగా వెళ్దాం” అంది.

“పరిగెడుతున్నది నువ్వా, నేనా?”

ఆమె అడుగు ఆయన వేగానికి కలిపింది. జనం రోడ్డుకి రెండువైపులా నిలబడి చప్పట్లు కొడుతున్నారు. వీళ్ళ మణికట్ల మధ్య లేసు చూసి మరీ కొడుతున్నారు. “శభాష్ మేస్త్రీ” అని ఎవరో తెలిసినవాళ్ళు కేకేశారు. ఆయన తలెత్తి ఇంకా వేగం పెంచాడు. ముప్పై కిలోమీటర్లు దాటాక ఫ్లైఓవర్ ఎక్కాలి. సగం ఎక్కేసరికి ఆయన రెండు పిక్కలూ రాళ్ళయిపోయాయి. ఆగి, వంగి, మోకాళ్ళ మీద చేతులేసుకున్నాడు.

“లాగు” అన్నాడు.

“లాగకూడదు కదా. చూస్తే ఇద్దర్నీ పక్కన పెట్టేస్తారు.”

“ఎవరు చూస్తారు? లాగవే.”

ఆమె లాగలేదు. లాగినా ఆయన కదిలేవాడు కాదు. ఆయన పదడుగులు ఈడ్చుకుంటూ నడిచి, గోడని తడుముకుని, దానికి ఆనుకుని కూలబడ్డాడు. నీళ్ళ సీసాలు పంచే వాలంటీరు ఒకమ్మాయి పరిగెత్తుకొచ్చింది. “ఏమైందండీ” అంది.

మేస్త్రీ నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, ఎప్పటి గొంతుతో చెప్పాడు. “నాకేం కాలేదమ్మా. మా ఆవిడ వల్ల కావట్లేదు. ఆవిడ కోసమే ఆగాను.”

ఆ అమ్మాయి తలెత్తి వదిన వంక చూసింది. వదిన నిలబడే ఉంది. ముఖాన చెమట తప్ప అలసట లేదు. చూసినవాళ్ళెవరికైనా తెలిసిపోతుంది. ఆ అమ్మాయికీ తెలిసింది, అందుకే చూపు తిప్పుకుని, “బస్సొస్తుందండీ, ఎక్కించేస్తాం” అంది.

ఆగిపోయినవాళ్ళని ఏరుకునే బస్సు అది. లోపల కుంటుతున్నవాళ్ళూ, వాంతి చేసుకున్నవాళ్ళూ, ఊరికే ఏడుస్తున్నవాళ్ళూ ఉన్నారు. మేస్త్రీ వాళ్ళకీ చెప్పాడు. ఈసారి కథకి కాళ్ళూ చేతులూ వచ్చాయి. “మొదట్నుంచీ చెబుతూనే ఉన్నా, మెల్లగా రమ్మని. వింటేగా. ఫ్లైఓవర్ దగ్గర ఆవిడకి కాళ్ళు పట్టేశాయి. వదిలేసి పోలేను కదా, కళ్ళు లేనివాణ్ణి.” ఒక ముసలాయన తన సీటు ఖాళీ చేసి, “కూర్చో తల్లీ, కాళ్ళు చాపుకో” అన్నాడు. ఆమె కూర్చుంది. కాళ్ళు చాపుకోమన్నాడు కాబట్టి చాపుకుంది. దిగేటప్పుడు ఆ ముసలాయన చూస్తున్నాడని, తనకి తెలీకుండానే కుంటింది. బస్సు మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా కుంటుతూనే నడిచింది. ఆ కుంటడం ఆమె తర్వాత ఎన్నోసార్లు గుర్తు చేసుకుంది. ఆయన అన్న మాట కన్నా, ఆ మాట నిలబడాలని తాను కుంటడమే ఆమెని ఎక్కువ కాల్చింది.

కొన్ని వారాలు ఇంట్లో అవసరానికి మించి మాట లేదు. ఆ విషయం ఆయనా ఎత్తలేదు, ఆమే ఎత్తలేదు. వానలు తగ్గుముఖం పట్టాక ఒక పొద్దున ఆయన బూట్లు అడిగాడు. లేసు చేతికి తగిలించుకున్నారు. నది రోడ్డు ఎక్కాక, పరిగెడుతూనే అన్నాడు.

“ఈసారి నువ్వు గట్టిగా తయారవ్వాలి. పోయినసారి నీ వల్ల పోయింది.”

ఎగతాళి లేదు ఆ గొంతులో, కోపమూ లేదు. వాన కురిసిందని చెప్పినట్టు చెప్పాడు. అప్పుడర్థమైంది వదినకి. ఆయన అబద్ధం ఆడటం లేదు. చెప్పీ చెప్పీ నమ్మేశాడు. ఫ్లైఓవర్ మీద ఏం జరిగిందో మొత్తం తెలిసిన మనిషి ఈ భూమ్మీద తనొక్కతే మిగిలింది.

ఆ రోడ్డులో కాలవ బాగుచేసేవాళ్ళు ఒక రాతిపలకని పైకి లేపి, సరిగా కూర్చోబెట్టకుండా వదిలేసి పోయారు. దాని అంచు జానెడు ఎత్తున పైకి నిక్కి ఉంది. వదిన దాన్ని దూరం నుంచే చూసింది. దగ్గరవుతుంటే చూస్తూనే ఉంది. ఆమె అడుగూ ఆయన అడుగూ చక్కగా కలిసి పడుతున్నాయి. ఎత్తు అనాల్సిన చోటు వచ్చింది. మాట నాలుక చివరికి వచ్చింది.

నోరు జారితే తీసుకోలేమంటారు. జారాల్సిన చోట జారకపోయినా తీసుకోలేమని ఎవరూ చెప్పరు.

ఆయన కాలు పలక అంచుకి తగిలింది. ఆ వేగానికి లేసు ఆమె చేతిలోంచి ఊడిపోయింది. మోకాలు నేరుగా రాతి మీద పడింది. కొబ్బరిచిప్ప పగిలినట్టు చప్పుడైంది. ముందుపళ్ళు రెండు ఊడి నోరంతా నెత్తురైంది. ఆయన అరవలేదు. చేతులు చాచి ఏం తగిలిందో అని రాతి అంచుని తడిమాడు. ఒక కొస నుంచి ఇంకో కొస దాకా తడిమాడు. అది ఎంత ఎత్తుందో, ఎంత వెడల్పుందో వేళ్ళతో చూశాడు. తర్వాత ముఖం ఆమె వైపు తిప్పాడు.

“ఇంత ఉంది” అన్నాడు. “కనపడలేదా?”

“లేదు” అంది.

మోకాలిచిప్ప మూడు ముక్కలైంది. తీగలేసి కట్టారు. ఇక పూర్తిగా వంగదన్నారు, పరుగు మాట మర్చిపొమ్మన్నారు. ఎలా పడ్డారని డాక్టరు అడిగినప్పుడు వదిన మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఉంది.

“నా తప్పే” అన్నాడు మేస్త్రీ. “ఆవిడ చెప్పింది. నేనే వినిపించుకోలేదు.”

చూడ్డానికి పోస్ట్‌మ్యాన్ అరటిపళ్ళు పట్టుకొచ్చినప్పుడూ అదే చెప్పాడు. “చెప్పిందిరా. నేనే ఏదో ధ్యాసలో ఉన్నా.” బస్సులో చెప్పినట్టు కథ పెంచలేదు. రెండు ముక్కల్లో చెప్పి ఊరుకున్నాడు. ఆ రెండు ముక్కలూ విన్నప్పుడల్లా వదినకి, నన్ను నలుగురిలో తిట్టినా బాగుండుననిపించేది.

ఇంటికి తెచ్చాక ఒకటి గమనించింది. టీ గ్లాసు చేతికిస్తే ఆయన వెంటనే పట్టుకునేవాడు కాదు. ముందు ఒక వేలు గ్లాసుకి ఆనించి వేడి చూసేవాడు. “చల్లారిందే, తాగొచ్చు” అన్నా చూసేవాడు. స్నానాల గదికి తీసుకెళ్తూ “ఇక్కడేం లేదు, రండి” అంటే, ఆగి, బొటనవేలితో నేల తడిమి, అప్పుడు అడుగేసేవాడు. తడిమేటప్పుడు ముఖంలో ఏమీ ఉండేది కాదు. కోపమన్నా ఉంటే ఆమెకి పట్టుకోవడానికేదో ఉండేది. మందు బిళ్ళలు అరచేతిలో పోస్తే లెక్కపెట్టుకుని, గోటితో గీరి చూసి మింగేవాడు. ఆ చేతికి ఈ చేతి మీద నమ్మకం పోయింది. ఆమె పక్కన నిలబడి, ఆయన తడమడం అయ్యేదాకా ఎదురు చూసేది.

కుట్లు మానిన చాలా రోజులకి, ఒక మధ్యాహ్నం, ఆమె బట్టలు మడత పెడుతుంటే అడిగాడు.

“ఒకటడుగుతాను. చూశావు కదా?”

ఆమె చేతిలో చొక్కా కింద పెట్టింది. “చూశాను.”

“ఎంత దూరం నుంచి?”

“చాలా దూరం నుంచి.”

“మాట రాలేదా?”

“వచ్చింది. నోట్లోనే ఉంది. బయటికి రాలేదు.”

“కావాలనేనా?”

“తెలీదు.”

“నీకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది.” వంగని కాలుని రెండు చేతులతో పట్టుకుని కొంచెం పక్కకి జరుపుకున్నాడు. “బస్సులో నేనన్నది నాకు తెలుసు. నమ్మేశాననుకుంటున్నావేమో. పగలంతా నమ్మేవాణ్ణి. పడుకున్నాక తెలిసేది.”

ఆమె కింద పెట్టిన చొక్కా మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

“అప్పుడే ఒక మాట అనాల్సింది నువ్వు” అన్నాడు. “ఆ వాలంటీరు పిల్ల ముందే అనాల్సింది. పరువు పోయేది. మోకాలుండేది.”

“నేనెప్పుడన్నా మీకు ఎదురు మాట్లాడానా?”

“అదే చెబుతున్నా” అన్నాడు.

క్షమించమని ఆయనా అడగలేదు, ఆమే అడగలేదు. అడిగితే రెండోవాళ్ళు క్షమించాల్సొస్తుందని ఇద్దరికీ భయం. మేస్త్రీ మాత్రం ఆ రోజు చివర్లో ఒక మాటన్నాడు. “పొద్దుట నువ్వు పరుగుకి పో. కాసేపు ఇంట్లో ఒక్కణ్ణీ ఉంటే నాకు తేలిగ్గా ఉంటుంది.” ఆ మాటకి రెండర్థాలున్నాయేమోనని ఆమె చాలాసేపు ఆలోచించింది. ఒకటే ఉంది. ఆమె ఇంట్లో ఉన్నంతసేపూ ఆయన జాగ్రత్తగా ఉండాలి.

వెళ్ళింది. ఒంటరిగా పరిగెడితే కుడిచెయ్యి ఏం చెయ్యాలో తెలియలేదు. అది ఒంటికి దగ్గరగా, ఎవరినో పట్టుకున్నట్టే ఊగేది. గుంత కనపడితే నోరు దానంతటదే గొణిగేది. తీరు కుదరడానికి వారాలు పట్టింది. కుదిరాక చూస్తే పోస్ట్‌మ్యాన్ చెప్పింది నిజమే, ఆమె చాలా దూరం పోగలదు, చాలా వేగంగా పోగలదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. పందేలకి పేరివ్వలేదు.

మరుసటేడు పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చాడు. బ్యాంకులో ఫోన్లు కలిపే ఒకావిడ ఉందట. పుట్టుకతోనే చూపు లేదట. మారథాన్ పరిగెత్తాలని పట్టుబట్టిందట, పక్కన పరిగెత్తే ఆడమనిషి దొరకట్లేదట. “మీకన్నా తెలిసినవాళ్ళెవరున్నారు వదినా” అన్నాడు.

“నా వల్ల కాదు.”

“ఎందుకని?”

మేస్త్రీ కుర్చీలో ఉన్నాడు, వింటున్నాడు. వదిన నీళ్ళు తెస్తానని లోపలికి పోయింది. పోస్ట్‌మ్యాన్ రెండుమూడు సార్లు తిరిగాడు. చివరికి ఆ ఫోన్లావిడే మైదానానికి వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంది. చేతికర్ర చంకలో పెట్టుకుని నవ్వుతూ నిలబడింది. పోస్ట్‌మ్యాన్ నీళ్ళకి వెళ్ళేదాకా ఆగి వదిన చెప్పింది.

“మీకు ముందే చెప్పాలి. నేనొకసారి చూసి కూడా చెప్పలేదు. మనిషి పడ్డాడు. కాలు పోయింది.”

“ఎవరు?”

“మా ఆయన.”

ఫోన్లావిడ నవ్వు ఆపింది. తల కొంచెం పక్కకి వంచి, ఫోన్లో అవతలి మనిషి గొంతు వింటున్నట్టు, వదిన ఊపిరిని కాసేపు విన్నట్టుంది.

“నాతో మీకు గొడవలేం లేవుగా” అంది.

“లేవు.”

“అయితే రండి. గొడవొస్తే పరిగెత్తే ముందే చెప్పండి, ఆ రోజుకి మానేద్దాం.”

చెయ్యి చాచింది. వదిన లేసు తగిలించింది. ఆ పొద్దుట మైదానం చుట్టూ నాలుగు చుట్లు తిరిగారు. గేటు దగ్గర చిన్న సిమెంటు గట్టు ఉంది, బెత్తెడు కూడా ఉండదు. వదిన “ఎత్తు” అని అరిచిన అరుపుకి అటు నడిచేవాళ్ళు ఆగి చూశారు.

“అంత గట్టిగా అక్కర్లేదండీ” అంది ఫోన్లావిడ. “నాకు చూపొక్కటే లేదు. చెవుడు లేదు.”

ఇంటికొచ్చేసరికి మేస్త్రీ కిటికీ దగ్గరున్నాడు. ఆమె బూట్లు విప్పుకుంటున్న చప్పుడు విన్నాడు.

“ఆవిడకి చెప్పావా?”

“చెప్పాను.”

“ఏమంది?”

ఆవిడ అన్నదంతా చెప్పింది. ఆయన విని, ఊడిన పళ్ళ సందులో నాలుక పెట్టుకుని కాసేపు కూర్చున్నాడు.

“పెళ్ళయిందా ఆవిడకి?”

“లేదు.”

“అదీ సంగతి” అన్నాడు.

నవ్వుతాడేమోనని చూసింది. నవ్వలేదు. ఆమె లోపలికెళ్ళి టీ పెట్టి తెచ్చి, ఆయన చేతి దగ్గర పట్టుకుంది. “వేడిగా ఉంది” అని చెప్పింది. ఆయన వేలు చాచి గ్లాసుకి ఆనించి చూసుకున్నాడు. ఆమె చెయ్యి కదలకుండా పట్టుకుని, ఆయన అందుకునేదాకా నిలబడింది.